నాన్నకు ఐవీసీ ఫిల్టర్ పెట్టాలంటున్నారు, రేపటిలోగా సంతకం చేయమంటున్నారు

కృష్ణాతీరం
మా నాన్నగారికి 66 ఏళ్లు. బీపీ పెరిగి మెదడులో రక్తస్రావం అయింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మాట కాస్త తిరిగొస్తోంది కానీ కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా స్వాధీనంలో లేవు. నిన్న పొద్దున చూస్తే కుడి తొడ, పిక్క బాగా వాచి ఉన్నాయి. డాప్లర్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీసి తొడలోని పెద్ద సిరలో క్లాట్, అంటే రక్తం గడ్డ, ఉందన్నారు. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పట. అందుకని పొట్ట భాగంలో ఉండే ఐవీసీ అనే పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టాలి, రేపటిలోగా సంతకం పెట్టండి అంటున్నారు.
మా బాబాయి మాత్రం “కాలు వాస్తే పొట్టలో ఏదో పెట్టడమేంటి, బిల్లు పెంచడానికే” అంటున్నాడు. అమ్మ ఏడుపు ఆపట్లేదు. ఇది నిజంగా అవసరమా? ఒకసారి పెడితే జీవితాంతం ఉంటుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నాకు రాత్రి వరకే టైముంది.

గోదారి_గాలి
క్లాట్ మోకాలి పైనా, కిందా? రిపోర్టులో ఏ సిర పేరు రాశారు?

కృష్ణాతీరం
ఫెమోరల్, పాప్లిటియల్ అని రెండు రాశారు. మోకాలి వెనక నుంచి తొడ పై దాకా ఉందట.

ఐసీయూ_సిస్టర్
అది పై క్లాట్ తమ్ముడూ, తేలిగ్గా తీసుకోవద్దు. పిక్కలో చిన్న సిరలో మాత్రమే ఉంటే చాలాసార్లు వారం తర్వాత మళ్లీ డాప్లర్ తీసి చూస్తారు, ఫిల్టర్ దాకా వెళ్లరు. మీది అలాంటిది కాదు.
మీ బాబాయి గారికి ఇలా చెప్పండి. కాళ్ల నుంచి రక్తమంతా పొట్టలో వెన్నెముక పక్కగా వెళ్లే ఒక పెద్ద సిరలో కలుస్తుంది. దాన్నే ఐవీసీ అంటారు. అది గుండె కుడి భాగానికి వెళ్తుంది, గుండె ఆ రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. కాలిలో గడ్డ విడిపోతే అది ప్రయాణించే దారి అదొక్కటే. అందుకే కాపలా అక్కడ పెడతారు, కాలిలో కాదు.
మామూలుగా అయితే ఈ జబ్బుకు మొదటి మందు బ్లడ్ థిన్నర్, అంటే రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. హెపారిన్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి తర్వాత మాత్రలకు మారుస్తారు. మీ నాన్నగారికి మెదడులో ఇప్పుడే రక్తం కారింది, థిన్నర్ ఇస్తే అక్కడ మళ్లీ కారొచ్చు. ఇవ్వకపోతే కాలిలోది పైకి పోవచ్చు. ఫిల్టర్ అచ్చంగా ఇలాంటి పరిస్థితి కోసమే.
ఇంకో మాట, ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ కాలికి నూనె రాసి మర్దన చెయ్యొద్దు. ప్రేమతోనే చేస్తారు, ఐసీయూ బయట కూర్చున్న అత్తయ్యలు, పిన్నులు లోపలికి రాగానే కాళ్లు పిసకడం మొదలుపెడతారు. క్లాట్ ఉన్న కాలిని పిసకకూడదు.

కృష్ణాతీరం
అయ్యో, అమ్మ పొద్దుటి నుంచి కాలు పడుతూనే ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆపమన్నాను. చాలా థాంక్స్ అక్కా.

మునగకాడ
నేను వేరే సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా మామగారికి మూడేళ్ల క్రితం యాక్సిడెంట్‌లో తుంటి ఎముక విరిగితే ఇదే ఫిల్టర్ పెట్టారు. డిశ్చార్జ్ అయ్యాం, కుట్లు విప్పించాం, ఎముక అతుక్కుంది. ఫిల్టర్ గురించి మళ్లీ ఒక్కరూ మాట్లాడలేదు. తీయించాలని కూడా మాకెవరూ చెప్పలేదు. ఈ మధ్య రెండు కాళ్లూ వాస్తుంటే ఇంకో డాక్టర్ స్కాన్ తీసి “ఇది ఇంకా లోపలే ఉందేంటి?” అని మమ్మల్నే అడిగాడు. పెట్టేటప్పుడు గంటకోసారి వచ్చి సంతకం అడిగినవాళ్లు తీయడానికి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. అందుకే నాకు ఆ పేరు వింటేనే మంట.

సూటిగా
@మునగకాడ చెప్పిందే నా మాట. అమెరికాలో దీని మీద వేల కేసులు నడిచాయి. ఫిల్టర్ విరిగి ముక్కలు గుండె దాకా వెళ్లిన సంఘటనలున్నాయి. అలాంటి వస్తువును ఒక్క రాత్రిలో ఒప్పుకోమంటే ఎలా?

డల్లాస్_బావ
కేసుల మాట నిజమే, కానీ పూర్తిగా చెప్పాలి. 2010 ఆగస్టులో ఇక్కడి ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) ఒక హెచ్చరిక ఇచ్చింది. 2005 నుంచి తమకు 921 ఫిర్యాదులు వచ్చాయని లెక్క చెప్పింది. అందులో 328 ఫిల్టర్ పెట్టిన చోటు నుంచి జరిగిపోవడం, 146 ముక్క విడిపోయి వేరే చోటికి పోవడం, 70 సిర గోడకు చిల్లు పడటం, 56 విరగడం. అయితే ఎఫ్‌డీఏ ఫిల్టర్లు వాడొద్దనలేదు. ముప్పు తీరాక లోపలే వదిలేయడం వల్ల వీటిలో కొన్ని వస్తుండొచ్చు, కాబట్టి పెట్టిన డాక్టర్లూ, తర్వాత చూసే డాక్టర్లూ తీయడం గురించి పట్టించుకోవాలి అంది. 2014లో ఇంకాస్త వివరంగా, ఊపిరితిత్తులకు క్లాట్ వెళ్లే ప్రమాదం దాటిపోయిన రోగికి 29 నుంచి 54 రోజుల మధ్యలో తీసేయడం వైపే లాభం మొగ్గుతుందని చెప్పింది.
ఇక్కడ ఒక దశలో క్లాట్ లేనివాళ్లకు కూడా ముందుజాగ్రత్త పేరుతో విపరీతంగా పెట్టారు. ఆ వాడకం మీద కూడా గొడవ నడిచింది. కృష్ణాతీరం వాళ్ల నాన్నగారి కేసు దానికి పూర్తిగా భిన్నం.

సూటిగా
బావగారూ, అది సరే. మరి ఫ్రాన్స్‌లో చేసిన పెద్ద ప్రయోగంలో ఫిల్టర్ పెట్టినా పెట్టకపోయినా చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా లేదని తేలింది కదా? ప్రాణం నిలపని దానికి ఎందుకు పరుగు?

పాతపుస్తకం
సూటిగా గారు అంటున్నది ప్రెపిక్. 1998లో అచ్చయింది, 400 మంది రోగులు. దాన్ని కాస్త ఓపిగ్గా చదవాలి.
మొదటి 12 రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి క్లాట్ వెళ్లినవాళ్లు ఫిల్టర్ ఉన్నవాళ్లలో 1.1 శాతం, లేనివాళ్లలో 4.8 శాతం. రెండేళ్లయ్యేసరికి కాళ్లలో మళ్లీ క్లాట్ వచ్చింది ఫిల్టర్ ఉన్నవాళ్లలో 20.8 శాతానికి, లేనివాళ్లలో 11.6 శాతానికి. ఎనిమిదేళ్ల లెక్క 2005లో వచ్చింది. ఊపిరితిత్తుల క్లాట్ ఫిల్టర్ ఉన్నవాళ్లలో 6.2 శాతం, లేనివాళ్లలో 15.1; కాళ్ల క్లాట్ ఉన్నవాళ్లలో 35.7 శాతం, లేనివాళ్లలో 27.5. ఆయుష్షులో తేడా లేదు, అది నిజం.
కానీ ఆ 400 మందికీ కనీసం మూడు నెలలు బ్లడ్ థిన్నర్ ఇచ్చారు. అంటే అసలు మందు అందుతున్నవాళ్లకు ఫిల్టర్ కూడా తోడైతే ఏమవుతుంది అన్నది అక్కడి ప్రశ్న. 2015లో ప్రెపిక్-2 వచ్చింది, అందులో తీసేయగలిగే రకం వాడారు, 399 మంది. మూడు నెలల్లో మళ్లీ ఊపిరితిత్తుల్లో క్లాట్ వచ్చింది ఫిల్టర్, థిన్నర్ రెండూ ఉన్నవాళ్లలో 3 శాతానికి, థిన్నర్ ఒక్కటే ఉన్నవాళ్లలో 1.5 శాతానికి. అంటే థిన్నర్ ఇవ్వగలిగినప్పుడు ఫిల్టర్ అదనంగా ఏమీ చేయలేదు.
ఇక్కడ రోగికి థిన్నరే ఇవ్వలేరు. ఆ అంకెలు తెచ్చి ఈయనకు అతికించడం అన్యాయం.

సూటిగా
థిన్నర్ అందరికీ ఇచ్చారన్న సంగతి ముఖ్యమే, ఒప్పుకుంటాను. కానీ మునగకాడ గారింట్లో జరిగింది మళ్లీ జరగదని ఎవరు హామీ ఇస్తారు? ఆ ప్రశ్న అలాగే ఉంది.

వెల్లుల్లి_వైద్యం
పరగడుపున వెల్లుల్లి, అల్లం రసం, తేనె కలిపి పడితే రక్తం పలచబడి గడ్డ కరిగిపోతుంది. ఆపరేషన్లు అక్కర్లేదు.

ఐసీయూ_సిస్టర్
ఆయన ముక్కులో ట్యూబుతో ఐసీయూలో ఉన్నారు. మెదడులో రక్తం కారిన మనిషికి రక్తం పలచబడేది ఏదీ సొంతంగా ఇవ్వకూడదు. దయచేసి ఇలాంటివి ఈ థ్రెడ్‌లో రాయకండి, ఎవరైనా నమ్మి చేస్తే ఆపద.

గోదారి_గాలి
మా ఇంట్లో వెల్లుల్లి చారు వరకే దానికి అనుమతి.

క్యాథ్‌ల్యాబ్_అబ్బాయి
గుంటూరులో టెక్నీషియన్‌గా పనిచేస్తాను, చాలా కేసుల్లో పక్కన నిలబడ్డాను. పొట్ట కోస్తారని భయపడుతున్నట్టున్నారు. కొయ్యరు. మెడ దగ్గర గానీ, గజ్జల దగ్గర గానీ తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి సూదితో సిరలోకి సన్నటి గొట్టం పంపుతారు. మీ నాన్నగారికి కుడి తొడలో క్లాట్ ఉంది కాబట్టి బహుశా మెడ నుంచి వెళ్తారు. డై ఎక్కించి ఎక్స్‌రే తెర మీద సిర ఎంత వెడల్పుందో, కిడ్నీల సిరలు ఎక్కడ కలుస్తున్నాయో చూస్తారు. వాటికి కాస్త కింద ఫిల్టర్‌ను వదులుతారు. మడిచి ఉన్నది బయటికి రాగానే తెరుచుకుని గోడలకు పట్టుకుంటుంది. బట్ట పీకేసిన గొడుగు ఊచల్లా ఉంటుంది చూడటానికి. రక్తం మధ్యలోంచి పోతుంది, పెద్ద గడ్డ ఆగిపోతుంది. మామూలుగా గంటలోపు అయిపోతుంది.
డై వాడతారు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో అడగండి. షుగర్ ఉంటే, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి.
పేపర్ మీద సంతకం పెట్టే ముందు ఒక్కటి అడగండి: ఇది తీసేయగలిగే రకమా, కాదా?

పాతపుస్తకం
గొడుగు అంటే గుర్తొచ్చింది. ఇవేవీ లేని రోజుల్లో సర్జన్లు పొట్ట కోసి ఆ పెద్ద సిరనే దారంతో కట్టేసేవారు. క్లాట్ ఆగేది, కానీ కాళ్లు దారుణంగా వాచేవి, ఆపరేషన్‌లోనే కొందరు పోయేవారు. తర్వాత సిరను కొంతవరకే నొక్కే క్లిప్పులొచ్చాయి. 1967లో మోబిన్ ఉద్దీన్ అనే సర్జన్ నిజంగానే గొడుగు పేరుతో ఒక ఫిల్టర్ తెచ్చాడు, కానీ అది చాలామందిలో సిరను పూర్తిగా మూసేసేది. 1973లో గ్రీన్‌ఫీల్డ్ అనే సర్జన్ కోన్ ఆకారం తెచ్చాక పరిస్థితి మారింది. కోన్ కొసలో గడ్డ పేరుకున్నా చుట్టూ రక్తం పోతూనే ఉంటుంది. ఇప్పటి ఫిల్టర్లలో చాలావాటికి ఆ ఆలోచనే ఆధారం.

ఓరుగల్లు_చెల్లి
సెరెనా విలియమ్స్‌కు కూడా పెట్టారు కదా? 2017లో పాప పుట్టాక.

డల్లాస్_బావ
అవును చెల్లీ, చాలా దగ్గరి ఉదాహరణ. ఆమెకు 2011లోనే ఒకసారి ఊపిరితిత్తుల్లో క్లాట్ వచ్చింది. 2017 సెప్టెంబరులో సిజేరియన్ తర్వాత ఊపిరి ఆడకపోతే ఆమే పట్టుబట్టి స్కాన్ తీయించుకుంది. క్లాట్లు కనిపించాయి, హెపారిన్ మొదలుపెట్టారు. దగ్గు వల్ల ఆపరేషన్ గాయం తెరుచుకుంది, థిన్నర్ వల్ల పొట్టలో రక్తం కారి పేరుకుంది. అటు క్లాట్, ఇటు రక్తస్రావం. అప్పుడు ఫిల్టర్ పెట్టారు. తర్వాత మళ్లీ గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడింది.

కృష్ణాతీరం
అందరి మాటలూ ప్రింట్ తీసినట్టు ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్ గారిని అడిగాను. మొదట కాస్త విసుక్కున్నారు, తర్వాత కూర్చుని చెప్పారు. తీసేయగలిగే రకమేనట. న్యూరో డాక్టర్ మళ్లీ సీటీ తీసి మెదడులో రక్తం ఇంకిపోయిందంటే థిన్నర్ మొదలుపెడతారట, అది కుదిరాక ఫిల్టర్ తీస్తారట. బాబాయికి కూడా ఆయన చేతే చెప్పించాను. సంతకం పెట్టాను. రేపు పొద్దున చేస్తారు.

మునగకాడ
మంచి నిర్ణయం. నా అనుభవం చెప్పింది వద్దనడానికి కాదు, తీసే సంగతి ఇప్పుడే తేల్చుకోవాలని. నాన్నగారికి త్వరగా నయం కావాలి.

సూటిగా
డాక్టర్ నోటితో తీస్తామన్నారు. కాగితం మీద రాయించండి. నోటి మాట డిశ్చార్జ్ రోజు హడావుడిలో ఎవరికీ గుర్తుండదు.

క్యాథ్‌ల్యాబ్_అబ్బాయి
సూటిగా గారితో నూటికి నూరు శాతం ఏకీభవిస్తున్నాను. డిశ్చార్జ్ సమ్మరీలో ఫిల్టర్ కంపెనీ, మోడల్, పెట్టిన తేదీ, ఎవరు పెట్టారు, ఏ తేదీకి తీయడం కోసం చూపించుకోవాలి, ఇవన్నీ ఉండాలి. ఫిల్టర్ డబ్బాతో స్టిక్కరు వస్తుంది, అది ఫైల్లో అతికించమనండి, ఫోటో తీసి వాట్సాప్‌లో ఇంట్లో అందరికీ పంపండి. పెట్టేది ఒక విభాగం, డిశ్చార్జ్ చేసేది ఇంకో విభాగం, తర్వాత చూసేది మీ ఊరి డాక్టర్. ఆ మధ్యలోనే ఇవి మరుగున పడిపోతాయి.
తీయడం కూడా చాలావరకు మెడ నుంచే. ఫిల్టర్ పై కొసకు చిన్న కొక్కెం ఉంటుంది, దానికి ఉచ్చు వేసి పట్టుకుని మళ్లీ గొట్టంలోకి లాగేస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ సిర లోపలి పొర దాని ఊచల మీదుగా పెరుగుతుంది, ఒక పక్కకు ఒరిగితే కొక్కెం గోడలో కూరుకుపోతుంది. అప్పుడు కష్టం.

గోదారి_గాలి
ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉందా? ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్‌ను కలవండి. ఇది ప్యాకేజీలో వస్తుందో, విడిగా కట్టాలో పెట్టకముందే తెలుసుకోవడం మంచిది. తీయడానికయ్యే ఖర్చు కూడా ఇప్పుడే అడగండి, అది వేరే బిల్లు.

కృష్ణాతీరం
ఫిల్టర్ పెట్టారు. మెడ నుంచే చేశారు. నాన్న మెలకువగానే ఉన్నారు. బయటికి రాగానే ఆయన అడిగిన మొదటి మాట “ఇది ఎయిర్‌పోర్టులో మోగుతుందా” అని. అక్క ఉండేది సింగపూర్‌లో. అంత ధ్యాస ఉందంటే మాకు ప్రాణం లేచొచ్చింది.

డల్లాస్_బావ
నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. సాధారణంగా మోగదు, చాలా చిన్న లోహం. ఎమ్మారై కూడా చాలా రకాలతో తీయొచ్చు, కాకపోతే ముందు ఆ స్టిక్కరు, కార్డు చూపించాలి. విమానం సంగతి మాత్రం డాక్టర్ సరేనన్నాకే. గంటల తరబడి కదలకుండా కూర్చోవడమే అసలు శత్రువు, ఫిల్టర్ ఉంది కదా అని ధీమా పనికిరాదు.

ఐసీయూ_సిస్టర్
బావగారి చివరి మాటకు నాదో మాట. ఫిల్టర్ క్లాట్‌ను కరిగించదు, కొత్తది పుట్టకుండా ఆపదు. ఉన్నది పైకి పోకుండా అడ్డుకుంటుంది, అదీ పూర్తిగా కాదు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, గుండె దడ, వీటిలో ఏది వచ్చినా ఫిల్టర్ ఉందని ఆగకండి. రెండు కాళ్లూ ఒకేసారి వాస్తే ఫిల్టరే మూసుకుపోతోందేమో చూడాలి.
థిన్నర్ ఎప్పుడు మొదలుపెడతారని ప్రతి రౌండ్లో అడగండి. మర్యాదగానే, కానీ ప్రతి రౌండ్లో.

ఓరుగల్లు_చెల్లి
@మునగకాడ మీ మామగారి సంగతి ఏమైందక్కా? మూడేళ్లయిందన్నారు, ఇక తీయలేరా?

మునగకాడ
ఈ థ్రెడ్ చదివాక హైదరాబాద్‌లో ఒక ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును (ఎక్స్‌రే తెర చూస్తూ సన్నటి గొట్టాలతో ఇలాంటి పనులు చేసే డాక్టర్) కలిశాం. సీటీలో రెండు ఊచలు సిర గోడ దాటి బయటికి వచ్చాయని చూపించారు. ఫిల్టర్ కింద కొంత క్లాట్ కూడా ఉంది. ముందు థిన్నర్ ఇచ్చి అది తగ్గాక తీయడానికి ప్రయత్నిస్తామన్నారు. మూడేళ్లయినా అసాధ్యం కాదట, మామూలు ఉచ్చుతో రాకపోతే వేరే పరికరాలుంటాయట, కాకపోతే ప్రమాదం ఎక్కువ. మామగారు “ఇంతకాలం ఉన్నది ఉంటే ఏం” అంటున్నారు. అత్తమ్మ తీయించాల్సిందే అంటోంది. ఇంట్లో ఇప్పుడు రెండు పార్టీలు.

పాతపుస్తకం
అత్తమ్మ పార్టీకి నా ఓటు. అయితే తీసేవాళ్లకు ఇలాంటి పాత ఫిల్టర్లలో అనుభవం ఎంతుందో అడిగి వెళ్లండి.

కృష్ణాతీరం
అప్‌డేట్. సీటీలో రక్తం చాలావరకు ఇంకిపోయిందన్నారు. న్యూరో డాక్టర్ ఒప్పుకున్నారు, హెపారిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి గమనించారు, ఇప్పుడు మాత్రకు మార్చారు. కాలు వాపు తగ్గింది. ఫిజియో నిలబెడుతున్నాడు. డిశ్చార్జ్ సమ్మరీలో ఫిల్టర్ గురించి ఒకే ఒక్క లైను రాసిచ్చారు. వెనక్కిచ్చి మోడల్ పేరు, తీయడానికి చూపించుకోవాల్సిన తేదీ రాయించాకే బయటికొచ్చాం. కౌంటర్లో అమ్మాయి “ఇవన్నీ ఎవరూ అడగరండీ” అంది.

సూటిగా
ఇకనుంచి అడగాలి. ప్రతి ఒక్కరూ అడగాలి.

పల్నాడు_పిల్లోడు
థ్రెడ్ మొత్తం చదివాను. మా అమ్మకు వచ్చే నెల మోకాలి మార్పిడి ఆపరేషన్. లావుగా ఉంటుంది, కాళ్లలో ఉబ్బు సిరలున్నాయి. ఇప్పటిదాకా క్లాట్ ఎప్పుడూ రాలేదు. ముందుజాగ్రత్తగా ఈ ఫిల్టర్ పెట్టించుకుంటే మంచిదా?

పాతపుస్తకం
క్లాట్ లేదు, థిన్నర్ ఇవ్వడానికి అడ్డంకి లేదు. అలాంటప్పుడు ఫిల్టర్ మాట రాకూడదు. ఆస్ట్రేలియాలో తీవ్రంగా గాయపడిన 240 మంది మీద చేసిన ప్రయోగం 2019లో వచ్చింది. గాయమైన 72 గంటల్లోపే ఫిల్టర్ పెట్టినా 90 రోజుల్లో ఊపిరితిత్తుల క్లాట్, మరణాలు కలిపి చూస్తే తేడా రాలేదు. ఏడు రోజుల దాకా థిన్నర్ ఇవ్వలేకపోయిన కొద్దిమందిలో మాత్రం ఫిల్టర్ ఉన్నవాళ్లకు ఒక్కరికీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లలేదు, లేనివాళ్లలో 34 మందిలో ఐదుగురికి వెళ్లింది. అంత పెద్ద గాయాలతో వచ్చినవాళ్లకే అందరికీ పెట్టడం దండగని తేలింది. మీ అమ్మగారికి దాని జోలికే వెళ్లొద్దు.

ఐసీయూ_సిస్టర్
మోకాలి మార్పిడికి థిన్నర్ ఇంజెక్షన్లో, మాత్రలో మామూలుగా రాస్తారు. డిశ్చార్జ్ తర్వాత కూడా ఎన్నాళ్లు వాడాలో అడిగి, నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపకుండా చూడు తమ్ముడూ. ఫిజియో నడవమన్న రోజే నడిపించండి, “పాపం నొప్పి” అని మంచం మీదే ఉంచొద్దు. వాళ్ల ఇంట్లో ఎవరికైనా క్లాట్లు వచ్చాయా, హార్మోన్ మాత్రలేమైనా వాడుతోందా అన్నది సర్జన్‌కు ముందే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక ఒక కాలు పిక్క గట్టిగా వాచి వేడిగా ఉంటే అదే రోజు డాప్లర్.

పల్నాడు_పిల్లోడు
మా పెద్దమ్మకు పురుడప్పుడు కాలిలో క్లాట్ వచ్చిందని ఇప్పుడే అమ్మ చెప్పింది. సర్జన్‌కు చెప్పలేదట, అడగలేదు కాబట్టి. సోమవారం వెళ్లి చెప్తాం.